ఇరవై కాపీల ఊపిరి

మా మండలాఫీసులో జిరాక్స్ మిషన్ నా కుర్చీకి రెండడుగుల దూరంలో ఉంటుంది. అది మొదలవగానే నేను ఊపిరి బిగబడతాను. కావాలని చేసేది కాదు. బటన్ నొక్కిన చప్పుడు వినబడితే చాలు, నోరు దానంతటదే మూసుకుపోతుంది, కాపీల లెక్క మొదలవుతుంది. పక్క సీటులో ఉండే సూపరింటెండెంట్ గారు ఒకసారి నా వాలకం చూసి, "ముఖం గట్ల పెట్టినవేందమ్మా, కడుపు నొస్తుందా?" అని అడిగారు. చిక్కడపల్లిలో ఒక జిరాక్స్ అన్న ఉన్నాడు, ఇది ఆయన అంటించిన అలవాటు అని చెబితే నవ్వుతారు. ఆయన మీద ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తుంది. అందుకని కడుపునొప్పేనన్నాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. వదిన అంటే జిరాక్స్ అన్న భార్య.

"మీ అన్న పోయిండమ్మా," అంది. "అన్నం తిని కుర్చీల కూసున్నడు. ఎవరో పిల్ల హాల్ టికెట్ కాపీకి వస్తే లేపిన. లేవలే."

ఆ రోజు ఆఫీసులో తనిఖీ. పైవాళ్లంతా వచ్చి కూర్చున్నారు, లేచి వెళ్లే వీలు లేదు. సాయంత్రం దాకా ఫైళ్లు అందిస్తూనే ఉన్నాను. పదకొండో రోజుకు వెళ్లాను. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆయన సంగతి చెప్పాలి. చెప్పాల్సిన బాకీ నా మీద ఉంది, ఎందుకంటే ఆయన వల్లే ఒకసారి మా నాయన ప్రాణం మీదికొచ్చింది, ఆయన వల్లే నిలబడింది కూడా. మధ్యలో నా చెయ్యి కూడా ఉంది.

ఆయన పేరు నాకు తెలుసు. ఆ గల్లీలో ఎవరూ ఆయనను పేరుతో పిలవలేదు కాబట్టి నేనూ రాయను. అశోక్ నగర్ చౌరస్తా నుంచి చిక్కడపల్లి లైబ్రరీకి నడిచే దారిలో, ఒక టిఫిన్ బండికీ ఒక ఫొటో స్టూడియోకీ మధ్య ఇరుక్కుని ఉండేది షాపు. లోపల రెండు మిషన్లు, ఒక కంప్యూటరు, గోడ నిండా స్పైరల్ బైండింగు చేసిన పుస్తకాలు. ఊళ్ల నుంచి వచ్చి, హాస్టల్ గదుల్లో మంచానికి మంచం ఆనించుకుని సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే మాలాంటివాళ్లు ఒక పూట తిండి మానేసేవాళ్లు గానీ ఆ షాపు మొహం చూడకుండా ఉండేవాళ్లు కాదు.

అన్న మమ్మల్ని రాబోయే ఉద్యోగాలతో పిలిచేవాడు. "ఎస్సై సాబ్, జర పక్కకు జరుగు, తాసిల్దార్ మేడం లోపటికొస్తున్నది." మూడుసార్లు తప్పినవాడు కూడా ఎస్సై సాబే. ఒకతను విసిగిపోయి, ఇక చదవను, ఊరికి పోతానని సర్టిఫికెట్ల కాపీలకు వస్తే, "మంచిది ఎస్సై సాబ్. సెలవు పెట్టి పోతున్నవన్నట్టు," అన్నాడు. అతను నవ్వలేక, ఏడవలేక నిలబడ్డాడు. ఆర్నెల్ల తర్వాత పెట్టెతో సహా తిరిగొచ్చాడు. "సెలవయిపోయిందా?" అని అడిగాడు అన్న, తలెత్తకుండానే.

ఫోన్లో కూడా మా పేర్లుండేవి కావు. నంబర్లన్నీ "ఎకానమీ రెండు కాపీలు", "పాలిటీ పెద్దక్షరాలు", "హిస్టరీ గుండు" అనే ఉండేవి. నేను "టైపు చెల్లె"ని. మధ్యాహ్నాలు పుస్తకం పడితే నిద్ర ముంచుకొచ్చేది, అందుకని రెండు గంటలు ఆ షాపులో కూర్చుని తెలుగు మెటీరియల్ టైపు చేసిపెట్టేదాన్ని. బదులుగా షాపులో ఏ పుస్తకం కాపీ కావాలన్నా నాకు ఫ్రీ.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ఖాళీ కాగితం చూడలేడు. పేజీ కింద రెండంగుళాల తెలుపు మిగిలితే చాలు, "గింత జాగా ఊకెనే పోతున్నది చెల్లె, పిల్లలకు పనికొచ్చేది ఏదన్న కొట్టు," అనేవాడు. అలా ప్రతి మెటీరియల్ పేజీల అడుగున ఒక లైను వేయించేవాడు. "పరీక్షకు రెండు పెన్నులు తీసుకుపోవాలె." "చద్దన్నం తిని పోతే నిద్ర వస్తది, ఉప్మా తిను." "వారానికొకసారి ఇంటికి ఫోన్ చెయ్యి, అమ్మ ఎదురుచూస్తది." మేము వాటిని కూడా అండర్‌లైన్ చేసుకునేవాళ్లం. నవ్వకండి. పోటీ పరీక్షలకు చదివేవాడు అచ్చులో ఉన్న దేన్నీ వదలడు, దేన్నీ అనుమానించడు. ఏ మూల నుంచి బిట్టు వస్తుందో ఎవరికి తెలుసు?

కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటే అంచు మీద "ఉఫ్" అని ఊదేవాడు. ఒక్క ఊదుకు వంద కాగితాలూ విసనకర్రలా విచ్చుకునేవి. మేం ఊదితే రెండు కూడా కదిలేవి కావు. ఇక మా సర్టిఫికెట్ల కాపీలు చేతికిచ్చేటప్పుడల్లా ఒకటే మాట. "అటెస్టేషన్ చేపించుకోండ్రి. గెజిటెడ్ ఆఫీసర్ ఆకుపచ్చ సంతకం లేని జిరాక్స్ చిత్తు కాగితం కింద లెక్క." రోజుకు యాభైసార్లు అనేవాడు. ఆ మాట తనక్కూడా వర్తిస్తుందని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కరోనా మొదటి ఏడాది హాస్టళ్లన్నీ ఖాళీ చేయించారు. మేమంతా మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు పోయాం. రెండో ఏడాది మొదట్లో ఒక్కొక్కరమే తిరిగొచ్చేసరికి అన్న మారిపోయి కనిపించాడు. మెడలో కర్పూరం, వాము, లవంగాలు కట్టిన గుడ్డమూట. వదిన మెడలో అలాంటిదే ఇంకొకటి. చూస్తే పెద్ద మిషన్ హ్యాండిల్‌కు కూడా ఒకటి వేలాడుతోంది.

"మిషన్‌కు గూడ వస్తదా అన్నా?" అన్నాను.

"దానికి రాకపోవచ్చు. దాని మీద చెయ్యి పెట్టేటోళ్లకు రావద్దు గద," అన్నాడు సీరియస్‌గా.

మాస్క్ మాత్రం గడ్డం కిందే ఉండేది. ముక్కు మూసుకుంటే కాగితాలెట్లా ఊదాలి? పేజీ తిప్పడానికి బొటనవేలు నాలుకకు తడుపుకునే అలవాటు మాత్రం వదినకు భయపడి మానేశాడు. సబ్బు పెట్టెలో తడి స్పాంజి ఒకటి పెట్టుకున్నాడు. ఏదో ఒకటి నమ్ముతాడు, ఇంకొకటి నమ్మడు. నమ్మినదానికి మాత్రం ప్రాణం పెడతాడు.

ఆ రోజుల్లో ఆయన భయమంతా ఒక్కటే. మళ్లీ హాస్టళ్లు మూస్తారేమో, పిల్లలు మళ్లీ పోతారేమో అని. షాపు కోసం కాదని నేను ఒట్టేసి చెబుతాను. ఖాళీ అయిన అశోక్ నగర్‌ను ఆయన ఒక ఏడాదంతా చూశాడు. "పొద్దుగాల షట్టర్ లేపితే కుక్కలు తప్ప ఎవ్వలు లేకుండె చెల్లె. నాకు నేనే ఎస్సై సాబ్ అని పిలుచుకున్న," అని ఒకసారి నవ్వుతూ చెప్పి, వెంటనే మొహం అటు తిప్పుకున్నాడు.

అలాంటప్పుడే ఆయన వాట్సాప్‌కు ఆ మెసేజ్ వచ్చింది. పది సెకన్లు ఊపిరి బిగబట్టి, దగ్గు రాకుండా ఉంటే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నట్టేనట. ఎవరో పెద్ద డాక్టరు చెప్పాడట. ఫోన్ నా చేతిలో పెట్టి, "కరెంట్ అఫైర్స్ మెటీరియల్ కింద ఇది కొట్టు చెల్లె," అన్నాడు.

"ఈ డాక్టర్ ఎవరన్నా?"

"పేరు లేదు. పెద్ద డాక్టరేనట."

"నిజమేనంటవా?"

"నాకేమెరుక చెల్లె, నేను చదివిన్నా? ముప్పై ఏండ్ల సంది ఏ కాగితం వస్తే ఆ కాగితం దించుడే నా పని. గా కాగితం నిజమా, అబద్ధమా అని అడిగితే ఒక్క కాపీ గూడ తియ్యకపోదును." తర్వాత కాసేపు ఆలోచించాడు. "అయితే పది సెకన్లు మరీ తక్కువ. మనోళ్లు పోటీ పరీక్షలోళ్లు. కటాఫ్ పెంచాలె."

కటాఫ్ అక్కడికక్కడే నిర్ణయమైపోయింది. పెద్ద మిషన్ ఇరవై కాపీలు తీసేదాకా. అంటే దాదాపు నలభై సెకన్లు.

నాకు అనుమానం లేకపోలేదు. అది తప్పని టీవీలో ఎవరో అన్నట్టు చూచాయగా గుర్తుంది. కానీ నేను చేసిన పని ఏమిటంటే, అనుమానాన్ని పక్కనబెట్టి ఆ మెసేజ్‌కు మెరుగులు దిద్దాను. తలా తోకా లేని వాక్యాలను సరిచేశాను. మాకు అలవాటైన పద్ధతిలో, ప్రశ్న, కింద జవాబు పెట్టి, చుట్టూ గీతతో డబ్బా కట్టాను. ప్రశ్న: ఊపిరితిత్తులు ఆరోగ్యంగా ఉన్నాయని తెలుసుకోవడం ఎలా? జవాబు: నలభై సెకన్లు (ఇరవై కాపీలు) ఊపిరి బిగబట్టగలగడం. తయారయ్యాక చూస్తే పాత ప్రశ్నపత్రంలోంచి తీసినట్టే ఉంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. అన్న చూసి, "గిప్పుడు నిజమనిపిస్తుంది," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తర్వాత షాపు రంగే మారిపోయింది. ఎవరు కాపీకి వచ్చినా, "ఊపిరి పట్టుండ్రి," అని బటన్ నొక్కేవాడు. మిషన్ పచ్చటి వెలుగు అటూ ఇటూ పరిగెడుతుంటే పది మంది బుగ్గలు ఉబ్బించుకుని నిలబడేవాళ్లు. ఇరవయ్యో కాపీ పడగానే అందరూ ఒక్కసారిగా వదిలేవాళ్లు. "పాస్!" అని అరిచేవాడు అన్న. ఓడినవాళ్లను రెండు రోజులు హాస్టల్లోనే పడుకోమని తోలేసేవాడు. ఆ పది మందిలో ఎవరికి ఏ జబ్బుందో, ఆ వదిలిన ఊపిరిలో ఏముందో ఎవరం ఆలోచించలేదు. ఆయన కూడా రోజూ పొద్దున్నే దేవుడి ఫొటోకు అగరబత్తి తిప్పి, మొదటి ఇరవై కాపీలకు ఊపిరి పట్టేవాడు. నలభై అయిదు దాటినవాళ్లకు టీకాలు వేస్తున్నారు, పోయి వేయించుకో అని వదిన పోరు పెడితే, "పాసైనోనికి మళ్ల పరీక్షేంది?" అని కొట్టిపారేశాడు.

వేసవి వచ్చేసరికి రెండోసారి కరోనా విరుచుకుపడింది. హాస్టళ్లు మళ్లీ మూతపడ్డాయి. అన్న భయపడిందే జరిగింది. స్పైరల్ పుస్తకాలు బ్యాగుల్లో కుక్కుకుని మళ్లీ ఊళ్లకు పోయాం. కల్వకుర్తి అవతల మా ఊరు. ఆ డబ్బా కట్టిన బిట్టు కూడా నాతోనే ఊరికొచ్చింది.

మా నాయన మేస్త్రి. వయసులో ఉన్నప్పుడు నల్లకుంటలో ఎన్నో ఇళ్లకు గోడలు లేపి, చేతులు సాగక ఊరికి వచ్చేశాడు. ఊళ్లో ఎవరి బిందె బావిలో పడ్డా నాయననే పిలిచేవాళ్లు. మునిగాడంటే పైనున్నవాళ్లు కంగారుపడి ఏడుపు మొదలుపెట్టాక గానీ తేలేవాడు కాదు. అలాంటి మనిషికి మే నెలలో జ్వరం వచ్చింది. నాలుగో రోజు అన్నం వద్దన్నాడు, నీరసమన్నాడు. దవాఖానకు పోదామంటే, "ఆడికి పోతే లేని రోగమంటుకుంటది బిడ్డా," అన్నాడు. అప్పుడు నేను ఆ పుస్తకం తెరిచాను.

"ఊపిరి బిగబట్టు నాయినా, నేను లెక్కపెడుతా."

నాయన నవ్వాడు. బావి గుర్తొచ్చి ఉంటుంది. నలభై దాటించాడు, నలభై అయిదు దగ్గర ఆపాడు. దగ్గలేదు. "సూసినవా?" అన్నాడు గర్వంగా. మా అమ్మ మొహం తేటపడింది. నా గుండెల మీది బరువు దిగింది. నేను టైపు చేసిన జవాబును నేనే నమ్మి, నాయనకు గొంగడి కప్పి పడుకోబెట్టాను.

మర్నాడు పొద్దున పదిన్నరకు అన్న ఫోన్ చేశాడు. మొదట గొంతు గుర్తుపట్టలేదు. రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు. వెనక ఎవరో దగ్గుతున్నారు, ఏదో బుస్సుమని చప్పుడొస్తోంది.

"టైపు చెల్లె... ఆ ఊపిరి బిట్టు... తప్పు."

"అన్నా, యాడున్నవ్? ఏమైంది?"

"సర్కార్ దవాఖాన్ల. ఆక్సిజన్ పెట్టిండ్రు... మొన్న పొద్దుగాల... ఇరవై కాపీలు ఆపిన... పాసైన... గంటకు షట్టర్ కాడ... పడిపోయిన." చాలాసేపు శ్వాస తీసుకున్నాడు. "ఇంట్ల ఎవలకన్న... జరమున్నదా?"

"నాయనకు అయిదు రోజుల సంది ఉంది. కానీ నిన్న నలభై అయిదు ఆపిండన్నా. బాగనే ఉన్నడు."

అవతల మాస్క్ పెట్టుకుని రెండు శ్వాసలు తీసుకున్నాడు.

"ఆపనియ్యకు చెల్లె," అన్నాడు. "నేను గూడ ఆపిన. నీకు దండం పెడుతా... ఇయ్యాల్నే తీస్కపో... గిప్పుడే."

వదిన వెనక నుంచి "మాస్క్ పెట్టుకోవయ్యా" అని అరుస్తుండగా ఫోన్ కట్టయింది. నేను ఆటో కోసం పరిగెత్తాను.

కల్వకుర్తి దవాఖానలో డాక్టరమ్మ నాయన వేలికి క్లిప్పు పెట్టి చూసింది. అంకె చూసి, నా వైపు చూసింది. ఆక్సిజన్ తొంభై అయిదుకు పైన ఉండాలట, ఎనభై రెండు ఉంది. నాయన అప్పటికీ నాకేం కాలేదనే అంటున్నాడు.

"ఎన్ని రోజులయింది?"

చెప్పాను. ఊపిరి సంగతి కూడా చెప్పాను.

"ఊపిరి ఆపుడు వేరమ్మా, ఆ గాలి రక్తంలకు చేరుడు వేరు," అంది. "కొందరికి ఆయాసం తెలవకుండనే ఆక్సిజన్ పడిపోతది. రేపటిదాక ఇంట్ల ఉంచుకుంటే నా చేతిల ఏముండకపోతుండె."

నాయన తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చాడు. ఇప్పటికీ ఉన్నాడు. పొద్దున లేచి నాతో గొడవపడనిదే ఆయనకు చాయ్ దిగదు. ఆ గొడవ వింటున్నప్పుడల్లా ఆ పదిన్నర ఫోన్ గుర్తొస్తుంది నాకు.

ఆ దవాఖాన రోజులు ఎలా గడిచాయో వదిన తర్వాత చెప్పింది. స్పృహ రాగానే అన్న అడిగింది నీళ్లు కాదు, ఫోను. "ఎకానమీ రెండు కాపీలు" దగ్గర మొదలుపెట్టి వరసబెట్టి ఫోన్లు చేశాడు. మాస్క్ తీసి రెండు మాటలు, మాస్క్ పెట్టుకుని నాలుగు శ్వాసలు. నర్సమ్మ ఫోన్ లాక్కుంటే దండం పెట్టి మళ్లీ తీసుకున్నాడు. "నీకు ఊపిరే లేదు, ఉన్నది గూడ ఫోన్ల పాల్జేస్తున్నవ్," అని వదిన ఏడిస్తే, "నేను పంచిన కాగితం, నేనే వాపస్ తీస్కోవాలె," అన్నాడట. మూడు రోజులు పట్టింది.

ఎక్కువమంది నవ్వారు. మేం అది అప్పుడే మరిచిపోయామన్నా, నువ్వు జాగ్రత్త అన్నారు. కానీ "హిస్టరీ గుండు" నవ్వలేదు. నీ కాగితం చూసే మా మామను ఇంట్లో పెట్టుకున్నాం, నిన్ననే దహనం చేసి వచ్చాం అన్నాడు. తర్వాత తిట్టాడు. చాలాసేపు తిట్టాడు. అన్న ఫోన్ పెట్టేయలేదు. అతను అలసిపోయి పెట్టేసేదాకా చెవికి ఆనించుకునే ఉన్నాడు. ఆ రోజు ఆయన మళ్లీ ఎవరికీ ఫోన్ చేయలేదని వదిన చెప్పింది. మర్నాడు పొద్దున మళ్లీ మొదలుపెట్టాడు.

నేను అశోక్ నగర్‌కు తిరిగొచ్చేసరికి వానలు పడుతున్నాయి. అన్న సగమయ్యాడు. కాగితాలు అంటుకుంటే పెదాలు దగ్గరికి తెచ్చి ఊదబోయి, ఆగి, కట్టను బల్ల మీద టకటకా కొట్టి విడదీశాడు. మెడలో మూట లేదు. మిషన్‌కూ లేదు. మాస్క్ ముక్కు మీద ఉంది.

"అన్నా, ఆ బిట్టు తయారుచేసింది నేను," అన్నాను. ఊరి నుంచి బస్సులో వస్తూ దారంతా వల్లెవేసుకున్న మాట అది. "నువ్విచ్చిన మెసేజ్ ఎవరూ నమ్మకపోదురు. డబ్బా కట్టి, ప్రశ్నజవాబు పెట్టి, నమ్మేటట్టు చేసింది నేనే."

"నువ్వు నేను చెప్పింది కొట్టినవ్. షాపు నాది, తప్పు నాది." అంతటితో ఊరుకోలేదు, తనమీద తనకే కోపం వచ్చింది. "గెజిటెడ్ సంతకం లేని జిరాక్స్ చెల్లదని ముప్పై ఏండ్ల సంది పిల్లలకు చెప్తున్న. నా ఫోన్‌కొచ్చినదానికి సంతకం ఏదని అడగకపోతి. గింత అక్కల్ లేకపోయె."

ఆ తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తెల్ల జాగా పిచ్చి పోలేదు, అది పోయేది కాదు. కానీ ఒంటికి సంబంధించిన లైను ఏదైనా వేయాలంటే కాగితం మీద రాసుకుని గల్లీ చివర బస్తీ దవాఖానకు నడిచేవాడు. రోగుల వరసలో అందరితో పాటు నిలబడేవాడు. వంతు వచ్చాక డాక్టరు గారి ముందు కాగితం పెట్టి, "ఇది కరెక్టైతే సంతకం పెట్టుండ్రి సార్," అనేవాడు. ఆ డాక్టరు చిన్న వయసతను. మొదట్లో విసుక్కున్నాడట. తర్వాత తర్వాత అన్న కోసమే ఆకుపచ్చ పెన్ను ఒకటి జేబులో పెట్టుకున్నాడు. టీకా లైను అలాగే వచ్చింది. అన్న ముందు తను రెండు డోసులూ వేయించుకుని, ఆ సర్టిఫికెట్ కాపీ తీసి షట్టరుకు అతికించాడు. కింద చేత్తో ఒక లైను రాశాడు. "పాసైనోడు గూడ వేయించుకోవాలె."

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు స్వీట్ డబ్బా తీసుకుని వెళ్లాను. "జూనియర్ అసిస్టెంట్ పోస్టన్నా, తాసిల్దార్ కాదు," అన్నాను. "అదేంది మేడం, ట్రైనింగ్‌ల ఉన్నవా?" అన్నాడు. అదే ఆయనను చివరిసారి చూడటం.

పదకొండో రోజు నారాయణగూడలో వాళ్ల కిరాయి ఇంట్లో భోజనాలయ్యాక వదిన నన్ను షాపుకు తీసుకెళ్లింది. షట్టరు నేనే ఎత్తాను. బీరువాలోంచి వదిన కరెంట్ అఫైర్స్ మెటీరియల్ మాస్టర్ కాపీ తీసింది. కాపీలన్నీ ఈ అసలు కాగితాల నుంచే తీస్తారు. ఆ పేజీ తెరిచింది.

నేను కట్టిన డబ్బా మీద ఈ మూల నుంచి ఆ మూలకు రెండు గీతలున్నాయి. కింద అన్న చేతిరాత. "ఇది తప్పు. ఎవ్వరు ఊపిరి బిగబట్టి చూసుకోవద్దు. జరమొస్తే దవాఖానకు పోవాలె. గీ తప్పు నాది. జిరాక్స్ అన్న." దాని కింద ఆకుపచ్చ సంతకం, డాక్టరు గారి ముద్ర.

"గా పేజీ తీసేసి కొత్తది పెట్టుకోరాదయ్యా అని ఎన్నిసార్లు చెప్పిన్నో," అంది వదిన. "తీసేస్తే పాత కాపీ ఉన్నోనికి ఎట్ల తెలుస్తదని వినకపాయె. ఏడాదేడాది మెటీరియల్ మారినా గీ పేజీ మాత్రం ఇట్లనే తీసిచ్చిండు. గిప్పుడొచ్చే పిల్లలు ఇదేందాంటీ, నీట్‌గ లేదంటున్నరు. ఆయనే లేడు. నువ్వు టైపు చేసిందే గదమ్మా, ఈ డబ్బా తీసేసి మంచిగ చేసియ్యరాదు?"

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా పాత ఫైలు అక్కడే ఉంది. డబ్బాను సెలెక్ట్ చేసి ఒక మీట నొక్కితే పేజీ కడిగినట్టు అయిపోతుంది. ఆయన పేరు మీద మచ్చ పోతుంది. ఇన్నేళ్లుగా ఊళ్లూళ్లు తిరిగిన ఆ పేజీలో తప్పంతా ఆయనొక్కడే మోశాడు. నా పేరు ఎక్కడా లేదు. నేను ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చుని, ఊపిరి బిగబట్టుకుని, కడుపునొప్పి అని అబద్ధం చెబుతున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఫైలు మూసేశాను. మాస్టర్ కాపీ ముందుకు లాక్కుని, నా బ్యాగులోని పెన్ను తీశాను. అన్న చేతిరాత పక్కన కొంచెం తెలుపు మిగిలి ఉంది. అక్కడ రాశాను. "టైపు చేసి నమ్మించింది నేను." కింద నా పూర్తి పేరు, ఊరి పేరు రాసి సంతకం పెట్టాను. నాది నీలం సిరా, గెజిటెడ్ కాదు. ఫర్వాలేదు, కాపీలో అన్ని సిరాలూ నల్లగానే పడతాయి.

వదిన చదివింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అంతలో హాస్టల్ అమ్మాయి ఒకతె గడప దగ్గరికొచ్చి, "ఆంటీ, కరెంట్ అఫైర్స్ ఇరవై కాపీలు కావాలె. మా ఫ్లోర్ మొత్తానికి," అంది.

"ఇస్తా, లోపటికి రా డిప్యూటీ కలెక్టర్ మేడం," అంది వదిన. ఆ పేజీనే మిషన్ అద్దం మీద ముందుగా బోర్లించి, బటన్ నొక్కింది.

పచ్చటి వెలుగు కదిలింది. నా నోరు మూసుకుపోయింది. ఒకటి, రెండు, మూడు. ట్రేలో కాగితాలు పడుతున్నాయి, ప్రతిదాని మీదా ఆయన పేరూ, పక్కన నా పేరూ ఉన్నాయి. తొమ్మిది దగ్గర వదిన చెయ్యి నా వీపు మీద పడింది. ఆమె నా వైపు చూడనేలేదు, కళ్లు మిషన్ మీదే ఉన్నాయి.

"ఊపిరి తీస్కో అమ్మా," అంది.

తీసుకున్నాను. దాంతో పాటు, తనిఖీ రోజు ఫైళ్ల మధ్య కూర్చుని ఆపుకున్న ఏడుపంతా బయటికొచ్చింది.